దేహములోని నీరుగంటి



వెలుగోడున తెలుగుగంగ జలాశయము వెలయక పూర్వము మన పల్లెల చెరువులకు నీరుగంటి యుండెడివాడు. ఏ మడికెంత నీరు విడువవలెనో అతని కెరుక. మన దేహమునందును అట్టి నీరుగంటి కలడు. ముక్కు వెనుక, మెదడు క్రింద, శనగగింజంత పీయూషగ్రంథి యున్నది. దానినుండి వెడలు వాసోప్రెసిన్ అను రసము నీటిని మూత్రముగా పోనీయక నిలుపును.

ఈ గ్రంథికి కంతి పుట్టినచో శస్త్రచికిత్స చేయుదురు. 1907లో ఆస్ట్రియా దేశపు ఇన్స్‌బ్రుక్ నగరమున హెర్మన్ ష్లోఫర్ ముక్కు మార్గమున కంతిని తీసి దారి చూపెను. 1910 మొదలు 1925 వరకు అమెరికాలో హార్వే కుషింగ్ ఇంచుమించు ఆ మార్గముననే 230 మందికి పైగా చికిత్స చేసెను. మనవైపు 1949లో వెల్లూరున జేకబ్ చాందీ, 1950లో చెన్నపట్టణమున బి. రామమూర్తి మెదడు శస్త్రచికిత్సకు విభాగములు నెలకొల్పిరి. నాడు మన కర్నూలు మండలము మదరాసు రాష్ట్రములోనిదే.

కంతి పోయినంత మాత్రమున గండము గడవదు. 1938లో ఫిషర్, ఇంగ్రామ్, రాన్సన్ అను శాస్త్రజ్ఞులు పిల్లులను పరిశోధించి, గ్రంథికి పోవు కాడ దెబ్బతిన్నచో మొదట మూత్రము వరదయై పోవుననియు, కొన్నాళ్లకు అది హఠాత్తుగా తగ్గుననియు కనిపెట్టిరి. నిలువయున్న రసము వెలువడి నీటిని బిగబట్టుటయే ఈ తగ్గుదలకు కారణము. ఆ రసము మితిమీరినచో రక్తములో సోడియము దిగునని 1957లో ష్వార్ట్జ్, బార్టర్ అను వైద్యులు ఇద్దరు రోగులను పరీక్షించి ప్రతిపాదించిరి.

మజ్జిగలో నీరు పోసినచో ఉప్పెక్కడికిని పోదు; మజ్జిగ చప్పబడును. ఇదియు అంతియే. లీటరు రక్తరసమున 135 మొదలు 145 మిల్లీమోల్‌ల సోడియ ముండవలెను. మిక్కిలి దిగినచో తలనొప్పి, వాంతి, మత్తు, మాట తడబాటు, తుదకు మూర్ఛయు కలుగును.

ఈ గండము తరచుగా నాలుగవనాటికిని పదవనాటికిని నడుమ, అనగా రోగి యిల్లు చేరిన పిమ్మట, వచ్చును. సరిగా అప్పుడే మనము ప్రేమకొలది కొబ్బరినీళ్లు, గంజి, మజ్జిగ పదేపదే త్రాగింతుము! అది తూము మూసిన చెరువులోనికి వాగు మళ్లించుటయే. అందుచేత నేడు పెక్కు ఆసుపత్రులలో ఆ వారము దినములు పానీయమును దినమునకు 1 లేక 1.5 లీటర్లకు మితము చేసి, ఏడవనాటికి రక్తపరీక్ష చేయుదురు. అయితే మూత్రము వరదగా పోవువానికి ఈ మితమే ప్రమాదము. కావున కొలత వైద్యుడు చెప్పినదే కాని మనము కట్టినది కారాదు. ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలును మానరాదు. కార్టిసాల్ కొరవడినను సోడియము దిగును.

ఇంటికి బయలుదేరునాడే రెండు మాటలడిగి వ్రాసికొని రండు: రోగి యెంత త్రాగవలెను? రక్తపరీక్ష యేనాడు? మత్తుగాని తడబాటుగాని కనబడినచో ఉప్పు తినిపించుచు కూర్చుండక, తక్షణమే ఆసుపత్రికి కొనిపొండు. సెలవు.