పెర్రీ మేసన్ తరఫున వకాల్తా

ప్లీడరు అనే మాట చెవిన పడగానే మన తెలుగువాడి పెదాల మీద ఒక చిత్రమైన నవ్వు పుడుతుంది. అందులో సగం భయం, సగం వెటకారం. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మన సామెత. మా రావులపాలెం చుట్టుపక్కల లంకల సంగతి తెలిసినవాళ్లకి ఈ సామెతకి అర్థం చెప్పక్కర్లేదు. వరద తీసిన ప్రతిసారీ గౌతమీ గోదావరి ఓ ఒడ్డు కోసేసి, మరో ఒడ్డున మేట వేస్తుంది. ఆ మేట ఎవరిదన్న ప్రశ్న పుట్టిందంటే, వెనకాలే వాయిదాలూ పుడతాయి. గట్టు మీది కొబ్బరిచెట్లు ఒకటొకటిగా ఫీజులైపోతాయి.

ఇంత భయమూ ఉన్న మనం, పెర్రీ మేసన్ అనే అమెరికా ప్లీడరు కథలు మాత్రం కాఫీ చల్లారిపోతున్నా వదలకుండా చదివాం. ఆయన చేసే పనులేమైనా తక్కువవా? పోలీసులకంటే ముందు శవం దగ్గరికి వెళతాడు. సాక్షుల్ని తికమక పెడతాడు. ఒక పిస్తోలు ఉండాల్సిన చోట రెండు కనిపించేలా చేస్తాడు. ఇదే పని మన ఊరి ప్లీడరు చేస్తే "వాడా, వాడు పచ్చి లిటిగెంటు" అంటాం. మేసన్ చేస్తే "ఏం బుర్రండీ!" అంటాం. ఈ పక్షపాతం ఎందుకొచ్చిందా అని నాకు చాలాకాలంగా కుతూహలం.

నేను చదివిన మేసన్ పుస్తకాల్లో చాలావాటికి అట్టలు లేవు. రాజమండ్రిలో ఎవరో కొని, చదివి, పాత పుస్తకాలవాడికి అమ్మితే, చేతులు మారి మారి గోదావరి దాటి మా ఊరొచ్చినవి. అట్ట లేకపోతే పోనీ, ఒక్కోసారి చివరి నాలుగు పేజీలు కూడా ఉండేవి కావు! హంతకుడెవరో తెలియక రెండు రోజులు అన్నం సహించని బాధ అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

మేసన్‌ని సృష్టించిన ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ (1889–1970) స్వయానా ప్లీడరు. లా కాలేజీలో నిలవకపోయినా సొంతంగా చదువుకుని 1911లో కాలిఫోర్నియాలో సన్నదు సంపాదించాడు. పగలు కోర్టు, రాత్రి చవక పత్రికలకు కథలు. మేసన్ మొదటి నవల 'ద కేస్ ఆఫ్ ద వెల్వెట్ క్లాస్' 1933లో వచ్చింది. ఆయన పోయాక అచ్చయినవాటితో కలిపి మేసన్ నవలలు ఎనభై రెండు. సెక్రటరీ డెల్లా స్ట్రీట్, డిటెక్టివ్ పాల్ డ్రేక్, ప్రతిసారీ పరువు పోగొట్టుకునే ప్రాసిక్యూటర్ హామిల్టన్ బర్గర్ - వీళ్లంతా మనకి చుట్టాల్లా అయిపోయారు.

గార్డ్‌నర్ ప్రాక్టీసు చేసిన ఆక్స్‌నార్డ్ అనే ఊళ్లో చైనావాళ్లు చాలామంది ఉండేవారు. ఆయన పేరు మోసింది వాళ్ల కేసులతోనే. అప్పటి సంగతి ఒకటి చెబుతారు. లాటరీలు అమ్ముతున్నారని చైనా దుకాణదారుల మీద పోలీసులు వారంట్లు తెచ్చారు. గార్డ్‌నర్ ముందు రోజే ఈ కొట్టువాణ్ణి ఆ కొట్టులో, ఆ కొట్టువాణ్ణి ఈ కొట్టులో కూర్చోబెట్టాడు. పోలీసులు కొట్టుని బట్టి మనిషిని పట్టుకున్నారు గానీ మొహాన్ని బట్టి కాదు. తీరా కోర్టులో చూస్తే కాగితం మీది పేరు ఒకరిది, ఎదుట నిలబడ్డ మనిషి మరొకడు. కేసు అక్కడితో కొండెక్కింది.

ఇది జిత్తులమారితనమే, సందేహం లేదు. కానీ ఇందులో ఇంకో సంగతుంది. ఆ మనుషుల మొహాలు ఒకదానికొకటి వేరని పోలీసులు ఏనాడూ పరకాయించి చూడలేదు. ఆ నిర్లక్ష్యాన్నే గార్డ్‌నర్ కోర్టు ముందు పరిచాడు.

మనిషి మారిపోవడం అంటే గుర్తొచ్చింది. మనకూ అలాంటి కేసొకటుంది, అదీ పెర్రీ మేసన్ పుట్టకముందే. గురజాడ 'కన్యాశుల్కం' చూసి నవ్వుకున్నాం గానీ, అందులో ఒక హత్యకేసు ఉందన్న సంగతి మనకి అంతగా పట్టలేదు. లుబ్ధావధాన్లు డబ్బిచ్చి పెళ్లి చేసుకున్న పిల్ల పెళ్లయ్యాక మాయమవుతుంది. ముసలాయన పెళ్లాన్ని చంపేశాడని కేసు. శవం లేదు, చూసిన సాక్షి లేడు, అయినా అనుమానం మాత్రం బలంగా ఉంది. ఎందుకంటే ముద్దాయి పిసినారి, పైగా ముసలితనంలో పసిపిల్లని కొనుక్కున్నవాడు. అలాంటివాడు ఏ పనైనా చేస్తాడని లోకం నమ్మకం. అసలు సంగతేమిటంటే, ఆ పెళ్లికూతురు ఆడపిల్లే కాదు. కరటకశాస్త్రి శిష్యుడు మహేశం చీర కట్టుకుని వచ్చాడు, పనయ్యాక చీర విప్పేసి వెళ్లిపోయాడు!

ఈ నాటకం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. మనం ఇప్పుడు చదివే పెద్ద నాటకం 1909 నాటిది. గార్డ్‌నర్ చేతికి ఈ కథ ఇస్తే 'ద కేస్ ఆఫ్ ద మిస్సింగ్ బ్రైడ్' అని పేరు పెట్టి, చివరి అంకంలో మహేశాన్ని కోర్టు హాల్లోకి నడిపించి, బర్గర్ నోరు వెళ్లబెట్టేలా చేసేవాడు.

గురజాడ అలా చెయ్యలేదు. ఆయన నాటకంలో మంచి వకీలున్నాడు - సౌజన్యారావు పంతులు. పేరులోనే సౌజన్యం. అబద్ధమాడడు, దొంగసాక్ష్యం పెట్టడు. కానీ పాపం, ఆయనకి నిజం తెలియదు. నిజం తెలిసింది మధురవాణికి. వేశ్యల్ని గడప తొక్కనివ్వని ఆ పెద్దమనిషి దగ్గరికి ఆవిడ మగవేషంలో వెళ్లి, పెళ్లికూతురు మగపిల్లాడన్న రహస్యం విప్పుతుంది. అంటే మన మొదటి మేసన్ కథలో నీతి వకీలుది, తెలివి వేశ్యది. రెండూ ఒకే మనిషిలో ఉంటాయంటే ఆనాటి పాఠకుడు నమ్మేవాడు కాదని గురజాడకి తెలుసేమో!

అమెరికాలోనూ మొదట నమ్మలేదు. 1896లో మెల్విల్ డేవిసన్ పోస్ట్ అనే ప్లీడరు ఒక కథల పుస్తకం రాశాడు. అందులో వకీలు పేరు కూడా మేసనే - రాండాల్ఫ్ మేసన్. ఈ పెద్దమనిషి నిజంగా నేరం చేసినవాళ్లనే చట్టంలో కన్నాలు చూపించి బయటికి లాగేవాడు. శవం దొరక్కపోతే హత్యకేసు నిలవదన్న సూత్రం మీద నడిచిన కథ అందులోదే. మన దేశంలో ఆ పప్పులుడకవు. సాక్ష్యాలు గట్టిగా ఉంటే, శవం దొరకనంత మాత్రాన ముద్దాయిని వదలక్కర్లేదని సుప్రీంకోర్టు 1981లో ఒక హిమాచల్ ప్రదేశ్ కేసులో చెప్పింది.

మరి తెలుగులో జిత్తుల ప్లీడరు ఎందుకు హీరో కాలేదు? రాసేవాళ్లు లేకనా? తణుకులో పుట్టిన కొవ్వలి లక్ష్మీనరసింహరావు వెయ్యి నవలలు రాశాడు. రైలెక్కినవాళ్ల చేతుల్లో ఆయన పుస్తకాలే ఉండేవి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌నీ, అసిస్టెంట్ రాజునీ ఇంటింటికీ తెచ్చాడు. ఆలోచించి చూడండి, మనలో ఒక్కరమైనా ప్రైవేటు డిటెక్టివ్‌ని కళ్లతో చూశామా? ప్లీడర్లని మాత్రం ప్రతి తాలూకా ఊళ్లోనూ చూశాం. అయినా చూడని డిటెక్టివ్‌ని నమ్మాం, చూసిన ప్లీడర్ని నమ్మలేదు. చూడకపోవడమే ఒక సుగుణం కాబోలు!

ఇంకో కారణం కూడా తోస్తుంది. మన నిజమైన మేసన్‌లకి కోర్టులో ఉండే తీరిక దొరకలేదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారినే తీసుకోండి. రాజమండ్రిలో ప్లీడరుగా పేరు తెచ్చుకుని, ఇంగ్లండు వెళ్లి బారిస్టరై, మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. 1911లో మణియాచ్చి స్టేషనులో కలెక్టర్ ఆష్‌ని కాల్చి చంపిన కేసులో ముద్దాయిల తరఫున నిలబడ్డ లాయర్లలో ఆయనా ఒకరు. తెల్ల కలెక్టరు హత్యకేసు, తెల్లవాడి కోర్టు. అక్కడ ముద్దాయి పక్కన నిలబడడానికి తెలివి ఒక్కటే చాలదు, గుండె కావాలి. అంతటి లాయరు 1921లో గాంధీగారి మాట మీద ప్రాక్టీసు వదిలేశారు. అలా మన కథానాయకులు కోర్టులోంచి జైల్లోకి నడిచారు. నవలలకి ప్లీడర్లు మిగల్లేదు.

సరే, మేసన్ దగ్గరికి వద్దాం. ఆయన కోర్టుకీ మన కోర్టుకీ ఉన్న తేడా మా వీధిలోని ఒక రిటైరైన ప్లీడరు గుమస్తాగారు ఒక్క ముక్కలో తేల్చేశారు.

"ఏమండీ గుమస్తాగారూ, మీ సర్వీసులో ఎప్పుడైనా సాక్షి బోనులో నిలబడి 'నేనే చంపాను' అన్నాడాండీ?" అని అడిగాను.

"ఆయ్, భలేవారే మాస్టారూ! ముద్దాయే ఒప్పుకోడు, మధ్యన సాక్షికేం పనండీ? మా సాక్షులకి వచ్చిన విద్య ఒక్కటేనండీ, అడ్డం తిరగడం" అన్నారాయన.

నిజానికి మేసన్ చమత్కారాలు చాలావరకు జరిగేది అసలు విచారణలో కాదు. కేసుని పై కోర్టుకి పంపాలా వద్దా అని తేల్చే ప్రాథమిక విచారణలో. అక్కడ జ్యూరీ ఉండదు, జడ్జి ఒక్కడే. అందుకే మేసన్ అంత స్వేచ్ఛగా అడ్డ ప్రశ్నలు వేస్తాడు. మన దగ్గర కూడా 1898 నాటి కోడ్ కింద మెజిస్ట్రేటు సాక్షుల్ని విని సెషన్స్‌కి పంపే పద్ధతి ఉండేది. 1974 ఏప్రిల్ నుంచి అమలైన కొత్త కోడ్ పోలీసు కేసుల్లో ఆ తంతు తీసేసింది. 2024 జూలై నుంచి ఆ కోడ్ కూడా పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. మారనిది మాత్రం ఒకటుంది. ఎదుటి పక్షం సాక్షిని 'నువ్వు ఆ వేళ అక్కడ లేవు, అవునా?' అని సూటిగా పొడిచి అడిగే హక్కు. 1872 నాటి సాక్ష్య చట్టం ఇచ్చిన ఆ హక్కు కొత్త చట్టంలోనూ ఉంది. మేసన్ ఆయుధాలన్నీ తీసేసినా, ఈ ఒక్కటీ మన ప్లీడరు చేతిలో ఉంది.

ఇప్పుడు మన పక్షపాతం సంగతి. మేసన్ జిత్తుల్ని ఎందుకు క్షమిస్తున్నాం? జవాబు చాలా తేలిక. ఆయన క్లయింటు నిర్దోషి అని మనకి మొదటి పేజీలోనే తెలుసు. 1956లో వచ్చిన ఒక నవలలో జ్యూరీ ముద్దాయి నేరస్థుడేనని చెప్పింది. అక్కడ కూడా గార్డ్‌నర్ మెలిక పెట్టాడు - బోనులో ఉన్నవాడు పరాయి పేరు పెట్టుకొచ్చిన దొంగ! ఏది ఏమైనా మేసన్ చేతికి మసి అంటనివ్వడు.

మన ఊరి ప్లీడరుకి ఆ సదుపాయం లేదు. తన క్లయింటు నిర్దోషా కాదా అన్నది ఆయనకీ తెలియకపోవచ్చు. చట్టం ఆయన్ని అది తేల్చమనదు కూడా. ప్రాసిక్యూషన్ చెప్పిన కథలో కన్నాలున్నాయేమో చూడమంటుంది, అంతే. మనం ఆయన్ని చూసి ముక్కు చిట్లించేది సరిగ్గా ఈ పనికే.

ఆ పని సరిగ్గా జరక్కపోతే ఏమవుతుందో గార్డ్‌నర్‌కి బాగా తెలుసు. నవలల మీద కోట్లు గడించాక, 1948లో కొందరు నిపుణుల్ని కూడగట్టి, అన్యాయంగా శిక్షపడ్డ నిజం మనుషుల కేసులు తిరగదోడాడు. మన దగ్గర రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ 'అభిలాష' నవలలో ఈ భయాన్నే పట్టుకున్నాడు. నిర్దోషికి కూడా ఉరి పడవచ్చని రుజువు చెయ్యడానికి ఒక కుర్ర లాయరు తానే హత్యకేసులో ముద్దాయి అవుతాడు. 1983లో సినిమాగా వచ్చినప్పుడు జనం ఈలలు వేసి చూశారు.

అది కథ. కథ కానిది చెబుతాను. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఒక హాస్టల్లో ఒక విద్యార్థినిని అతి దారుణంగా చంపారు. మరుసటేడు ఒక పేద యువకుణ్ణి పట్టుకున్నారు. 2010లో అతనికి జీవిత ఖైదు పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని వదిలేసింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. అటు ఆ తల్లికి కూతురు పోయింది, చంపిందెవరో తేలనే లేదు. ఇటు ఈ తల్లికి కొడుకు యవ్వనం పోయింది. నవలలో అయితే మేసన్ రెండొందల పేజీల్లో తేల్చేసేవాడు. అందుకే అది నవల.

లేనివాడికి ప్రభుత్వమే ప్లీడర్ని పెట్టాలని 1976లో రాజ్యాంగంలో చేర్చారు. 1987లో చట్టం చేశారు, 1995లో అమల్లోకి తెచ్చారు. అంటే మేసన్‌లాంటివాడు ఉన్నవాడికే కాదు, లేనివాడికీ కావాలని ఒప్పుకున్నట్టే కదా. ఇక ఆ ప్లీడరు గట్టిగా అడ్డ ప్రశ్న వేసినప్పుడు 'అమ్మో, హంతకుణ్ణి వెనకేసుకొస్తున్నాడు' అనకుండా ఉండడమే మన వంతు.

మా రావులపాలెం అరటి మార్కెట్టులో గెల ముందు హస్తం చూసి ధర చెప్పేవాణ్ణి చూస్తే అందరూ నవ్వుతారు. తెలిసినవాడు గెలని తిప్పుతాడు, కింది హస్తం చూస్తాడు, కాయని గోరుతో గిల్లి మరీ చూస్తాడు. అమ్మేవాడికి కోపం రావచ్చు. అయినా అతను మోసగాడని ఎవరూ అనరు, బేరం తెలిసిన మనిషి అంటారు. ఒక గెలకే అంత పరీక్ష ఉన్నప్పుడు, మనిషి ప్రాణం మీదికొచ్చిన చోట పోలీసు చెప్పిన కథని ఒకసారి తిరగేసి చూసేవాణ్ణి జిత్తులమారి అని తిట్టడం ఏం న్యాయమండీ?