తాళి మీద బొమ్మ, కొరియాలో పోయిన తల

2024లో వచ్చిన ‘ఎక్సుమా’ అనే కొరియన్ సినిమా చూశారా? అందులో ఒకమ్మాయి కత్తులు పట్టుకుని ఊగిపోతూ ఆడుతుంది. ఆమెని ముదాంగ్ అంటారు, ఆ తంతుని గుత్ అంటారు. మా చిట్టమూరు వైపు ఎవరికి చూపించినా ‘ఇది పూనకమే కదరా’ అంటారు. మన గణాచారి మీదికి అమ్మవారు వచ్చినట్టే అక్కడ దేవతలు, చనిపోయినోళ్ళు వచ్చి మాట్లాడతారు.

ఇలాంటి ఊళ్ళలోకి కాథలిక్ మతం వస్తే ఏమైంది? పూనకం గురించి పెద్ద చర్చే లేదు, దెయ్యం పని అని పక్కన పెట్టేశారు. అసలు గొడవంతా పెళ్ళి దగ్గర, చావు దగ్గర వచ్చింది. ఏది ఆచారం, ఏది పూజ?

1700ల మొదట్లో ఫ్రెంచ్ జెస్యూట్ ఫాదర్లు పుదుచ్చేరి నుంచి పుంగనూరు వైపు వచ్చారు. కాషాయం కట్టారు, మాంసం మానేశారు, సన్యాసుల్లా బతికారు. అంతకు ముందే మధురైలో డి నోబిలి వేసిన దారి అది. 1703లో పోప్ పంపిన టూర్నన్ అనే ఆయన చైనా పోతూ పుదుచ్చేరిలో ఆగాడు. జబ్బు చేసి లోపలి ఊళ్ళు చూడనే లేదు, కానీ 1704లో ఆర్డర్ మాత్రం వేసేశాడు. తాళి మీద పిళ్ళయార్ బొమ్మ వద్దు, పెళ్ళిలో కొబ్బరికాయ కొట్టొద్దు, ఆడపిల్ల పెద్దమనిషైతే వేడుక వద్దు.

అదే ఆర్డర్‌లో ఇంకో మాట ఉంది. అంటరానివాళ్ళని దూరం పెట్టిన వాళ్ళలో ఎవరైనా జబ్బుపడితే, వాళ్ళ ఇంటికే వెళ్ళి సంస్కారాలు ఇవ్వాలి. నాకైతే మొత్తంలో న్యాయమైన మాట ఇదొక్కటే. ఫాదర్లకి కష్టమైంది కూడా ఇక్కడే. ఆ గడప తొక్కితే పెద్ద కులాలోళ్ళు దగ్గరికి రానియ్యరు! 40 ఏళ్ళు లాగి, 1744లో పోప్ 14వ బెనెడిక్ట్ తీర్పిచ్చాడు. బొమ్మలు వద్దనే అన్నాడు. గడప విషయంలో మాత్రం, వాళ్ళ కోసం వేరే ఫాదర్లని పెడతామంటే సరే అన్నాడు. మా సాఫ్ట్‌వేర్ భాషలో, ప్యాచ్ వేశారు, బగ్ అలాగే ఉంది. బొమ్మని పూజ అన్నారు. కులం ఆచారం పేరుతో లోపలికి వచ్చేసింది.

ఇదే పోప్ 1742లో చైనాలో పితృదేవతలకి చేసే తంతులని నిషేధించాడు. దాని దెబ్బ కొరియాకి తగిలింది. అక్కడ మతాన్ని తెచ్చింది ఫాదర్లు కాదు, పుస్తకాలు చదివిన పండితులే. 1784లో వాళ్ళలో ఒకాయన బీజింగ్ వెళ్ళి బాప్తిస్మం తీసుకొచ్చాడు. 1791లో యున్ జి-చుంగ్ తల్లి చనిపోయింది. పెద్దల పేర్లుండే చెక్క పలకలు పెట్టి పూజ చేయాలి. ఆయన చేయలేదు, ఉన్న పలకలు కూడా తగలబెట్టాడు. రాజ్యం ఆయన తల తీసేసింది. తల్లికి కర్మ చేయని కొడుకు అనిపించుకుని చచ్చిపోయాడు. 2014లో పోప్ ఫ్రాన్సిస్ సియోల్ వెళ్ళి ఆయన్ని ధన్యుడిగా ప్రకటించాడు.

మధ్యలో 1939లో రోమ్ మాట మార్చింది, పితృదేవతలకి మర్యాద చేయొచ్చంది. 1940లో మన దేశంలో ఫాదర్లు ఈ ఆచారాల మీద చేయాల్సిన ప్రమాణం కూడా ఎత్తేసింది. ఇప్పుడు కొరియాలో కాథలిక్ ఇంట్లో ఎవరైనా పోతే చుట్టుపక్కల వాళ్ళు వచ్చి, వాళ్ళ పాత రాగంలోనే గంటలకొద్దీ ప్రార్థన పాడతారు. మన దగ్గర శిలువ బొమ్మ తాళి కడతారు.