ఏటికొప్పాక లక్కబొమ్మలు: సేకరణ, మరమ్మతు

అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామంలో తయారయ్యే కొయ్యబొమ్మలను ఏటికొప్పాక లక్కబొమ్మలు అంటారు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా ఈ ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇక్కడి పనితనం సుమారు నాలుగు వందల ఏళ్ల నాటిదని స్థానికంగా చెబుతారు. కొండపల్లి బొమ్మను చెక్కి, దానిమీద కుంచెతో రంగు వేస్తారు. ఏటికొప్పాకలో కుంచెతో పని లేదు. తిరుగుతున్న కర్రకే రంగు ఎక్కుతుంది. ఈ బొమ్మల్ని దాచుకునే పద్ధతీ, పాడైతే బాగుచేసే పద్ధతీ ఈ ఒక్క తేడా వల్లే వేరుగా ఉంటాయి.

వాడేది అంకుడు కర్ర. మెత్తగా, తెల్లగా, సన్నటి పోగుతో ఉంటుంది, ఉలికి తేలిగ్గా లొంగుతుంది. కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలకూ ఇదే చెట్టు ఆధారం. కొట్టిన కర్రను బాగా ఆరనిచ్చి, ముక్కలు కోసి తరిమెనకు బిగిస్తారు. ఒకప్పుడు ఒకరు తాడు లాగి తిప్పుతుంటే మరొకరు ఉలి పట్టేవారు. ఇప్పుడు కరెంటు మోటారు తిప్పుతుంది. రూపం వచ్చాక రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి పొరలా పరుచుకుంటుంది. ఆపైన ఎండిన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ఆరబెట్టాల్సిన అవసరమే రాదు, తరిమెన మీదనుంచి దిగేసరికి బొమ్మ సిద్ధం.

ఈ కళ చరిత్రలో అసలు మలుపు రంగుల్లో వచ్చింది. బజారులో రసాయన రంగుల పొడులు చౌకగా దొరకడంతో చెట్ల నుంచి రంగు తీసే పని వెనకబడింది. కాచడం, వడకట్టడం, ఆరబెట్టడం ఏవీ లేకుండా పొట్లం విప్పి లక్కలో కలిపితే చాలు. బొమ్మలు మరింత గాఢంగా మెరిశాయి. అయితే ఈ బొమ్మలు చేరేది పసిపిల్లల చేతికి, అక్కడినుంచి నోటికి. సీసం వంటి లోహాలున్న రంగులపై విదేశాల్లో నిబంధనలు బిగుసుకున్నాక, అలాంటి రంగులు వేసిన బొమ్మకు బయటి మార్కెట్టు దొరకడం కష్టమైంది.

ఈ దశలో సహజ రంగులను తిరిగి తెచ్చే పనికి పూనుకున్నవాడు అదే ఊరికి చెందిన చింతలపాటి వెంకటపతి రాజు. అందరికీ సి.వి.రాజుగా తెలుసు. ఆయన ముందున్న చిక్కు చిన్నది కాదు. బట్టల అద్దకానికి పనికొచ్చే మొక్కల రంగు నీటిలో ఉంటుంది, లక్కకు నీరు పడదు. అందుకని రంగును నీటినుంచి విడదీసి పొడిగానో ముద్దగానో మార్చి వేడి లక్కలో పిసకాలి. ఆ వేడికి రంగు మాడకూడదు, తర్వాత వెలిసిపోకూడదు. పసుపు, నీలి, జాఫ్రా గింజలు, మంజిష్ఠ, కరక్కాయ వంటివాటితో ఊరి కళాకారులతో కలిసి ఏళ్లపాటు చేసిన ప్రయోగాల ఫలితమే ఇవాళ మనం చూసే కాస్త మందమైన, కంటికి చల్లనైన రంగులు. రసాయన రంగుల తళుకు వీటికి లేదు. నా దృష్టిలో అది లోటు కాదు, పదిమంది చేతుల్లో నలిగిన కొద్దీ ఈ రంగులకు అందం పెరుగుతుంది.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2020 ఆగస్టులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో వీటినీ రాజు కృషినీ ప్రస్తావించారు. 2023లో రాజుకు పద్మశ్రీ ప్రకటించారు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే సాగి, రాష్ట్రాల శకటాల్లో మూడో బహుమతి పొందింది. వీటన్నిటికంటే కళాకారుల బతుకుతెరువుకు దగ్గరైన నిర్ణయం మరొకటి. 2021 జనవరి నుంచి ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయినప్పుడు, నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మే వాటికీ, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ మినహాయింపు దక్కింది.

సేకరణ తెలుగిళ్లకు కొత్త కాదు. దాన్ని సేకరణ అని ఎవరూ అనలేదు, అంతే. సంక్రాంతికో దసరాకో పెట్టే బొమ్మల కొలువే ఆ పని చేసింది. ఏటా ఒక్క కొత్త బొమ్మైనా కొలువులో చేరాలన్నది ఆనవాయితీ. పండగ కాగానే ఒక్కోదాన్నీ పాతచీర ముక్కలో చుట్టి పెట్టెలో దాచడం, మరుసటి ఏడు తీసి తుడవడం, విరిగినదాన్ని అతికించడం, అత్తగారి బొమ్మ కోడలి చేతికి రావడం ఇళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా నడిపిన వ్యవహారం. ఆడపిల్లలు గుజ్జనగూళ్లు ఆడుకున్న లక్కపిడతలకూ కొలువు మెట్ల మీద చోటుండేది. పోలికకు చూస్తే, అమెరికాలో బొమ్మగుర్రాల సేకరణ పెద్ద అభిరుచి. 1950లో షికాగోలో గడియారం పక్కన నిలబెట్టడానికి అచ్చుపోసిన ప్లాస్టిక్ గుర్రంతో బ్రేయర్ సంస్థ గుర్రాల తయారీ మొదలైంది. 1990 నుంచి కెంటకీలో ఏటా ఆ గుర్రాలకే ఒక ఉత్సవం జరుగుతోంది. అక్కడి సేకర్తలు ఫ్యాక్టరీ వేసిన మొదటి రంగునే విలువగా చూస్తారు, మళ్లీ రంగు వేసిన గుర్రాన్ని వేరే తరగతి కింద లెక్కిస్తారు. కొలువు బొమ్మకు ఆ పట్టింపు లేదు. బాగుచేసుకుని మళ్లీ మెట్టెక్కించడమే దానికి మర్యాద.

ఏటికొప్పాక బొమ్మల్లో గుర్రంలాంటి జంతువుల మరమ్మతుకు ప్రత్యేకమైన చిక్కుంది. తరిమెన మీద వచ్చేదంతా గుండ్రమే. బొంగరం, గిన్నె, భరిణె ఒకే ముక్కలో వస్తాయి. నాలుగు కాళ్ల జంతువుకు ఒళ్లు, మెడ, తల, కాళ్లు విడివిడిగా తీసి కూర్చాలి. కాబట్టి విరిగేది ఎక్కువగా అతుకు దగ్గరే. బొంగరం మీద లక్క పెచ్చులూడితే నడిమధ్యకు సరిగ్గా బిగించి తిప్పుతూ కొత్త లక్క పట్టించవచ్చు, పాత పొరా కొత్త పొరా వేడికి ఒకటైపోతాయి. కూర్చిన గుర్రాన్ని అలా తిప్పడం కుదరదు. దెబ్బతిన్న కాలును ఊడదీసి, దాని కొలతకు కొత్త కాలు తీసి, లక్క పట్టించాకే బిగించాలి. ఆ కొత్త కాలు కూడా అంకుడు కర్రే అయితే మంచిది. వేరే కర్ర తేమకు వేరుగా ఉబ్బి, అతుకు మళ్లీ వదులవుతుంది.

తుడిచేటప్పుడు స్పిరిట్, శానిటైజర్ దగ్గరకు రానివ్వకూడదు, ఆల్కహాల్‌లో లక్క కరిగిపోతుంది. పొడి మెత్తటి గుడ్డ చాలు. ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే అన్నిటికంటే ముందు వెలిసేది పసుపు రంగు, నీలితో కలిపి పచ్చగా చేసిన చోట కూడా పసుపు పోయి నీలం మిగులుతుంది. బొమ్మ అడుగున సన్నటి పిండి రాలుతుంటే కర్రకు పుచ్చు పట్టిందని అర్థం. వెంటనే మిగతా బొమ్మలకు దూరంగా పెట్టాలి.

కర్ర దొరకడమే ఇప్పుడు కళాకారులకు పెద్ద బెంగ. అంకుడు అడవి చెట్టు. కొట్టిన చెట్టుకు బదులు మొక్క నాటినా చేతికందే లావు రావడానికి ఏళ్లు పడుతుంది. కొత్త బొమ్మకూ పాతబొమ్మకు వేసే కాలికీ కావలసింది ఆ కర్రే. ఊరి చుట్టుపక్కల అంకుడు మొక్కలు పెంచడం కళాకారులకు రుణాలిచ్చినంత అవసరమైన పని.