నాలుగు ప్రశ్నలు, ఒక టేపు, ఒక యాప్

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి వయసెంత, ఇంట్లో ఎవరికైనా షుగరుందా అని అడిగి, నడుం కొలిచి రాసుకెళ్ళడం మీరు చూసే ఉంటారు. ఆ వివరాలు చేరే యాప్‌లో ఏదో పెద్ద అల్గారిథమ్ ఉందనుకుంటాం మనవాళ్ళం. ఉన్నది చిన్నపిల్లల కూడిక. కానీ ఆ కూడిక వెనక బోలెడు చరిత్ర ఉంది.

2003లో ఫిన్లండ్ పరిశోధకులు లిండ్‌స్ట్రోమ్, టూమిలెహ్టో "ఫిండ్‌రిస్క్" అనే స్కోరు ప్రచురించారు. 1987లో సర్వే చేసినవాళ్ళని పదేళ్ళు గమనించి, రక్తం తియ్యకుండా కాగితమ్మీదే ప్రమాదాన్ని అంచనా వెయ్యొచ్చని చూపించారు. బానే ఉంది. కాకపోతే అందులో మగవాళ్ళ నడుం 94 సెంటీమీటర్లకి చేరితేగానీ పాయింట్లు పడవు. మన దగ్గరేమో అంతకన్నా సన్నగా ఉన్నవాళ్ళకీ షుగరొచ్చేస్తోంది!

2005లో చెన్నైలో డా. వి. మోహన్ బృందం మన జనం లెక్కలతోనే ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్ తయారుచేసింది. వయసు, నడుం, ఒంటి శ్రమ, అమ్మానాన్నలకి షుగరు. నాలుగే ప్రశ్నలు. 100కి 60 వచ్చిందంటే ప్రమాదం ఎక్కువన్నమాట.

నా లెక్క చూడండి. వయసు 35 లోపు, కాబట్టి 0. నడుం 92, దానికి 10. రోజంతా కుర్చీలోనే, 30. అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ షుగరు, 20. మొత్తం 60! వయసు ఖాతాలో ఒక్క పాయింటూ పడకుండానే.

అలాగని 60 అంటే జబ్బు వచ్చేసినట్టు కాదు. ఆ చెన్నై అధ్యయనంలోనే 60 గీత దగ్గర, తెలియకుండా షుగరున్నవాళ్ళలో 72.5 శాతం మందే దొరికారు. లేనివాళ్ళలో దాదాపు 40 శాతం మంది ఊరికే చిక్కారు. అంటే ఇది తీర్పు కాదు, రక్తపరీక్షకి ముందెవర్ని పంపాలో చెప్పే వరస.

2018లో కేంద్ర ఆరోగ్యశాఖ 30 దాటినవాళ్ళ పరీక్షల కోసం యాప్ తెచ్చింది. దాని ప్రశ్నలు వేరే, పొగాకూ మద్యం కూడా అడుగుతారు. నా ఉద్దేశంలో సాఫ్ట్‌వేర్ అవసరం కూడికకి కాదు, అది వేళ్ళమీద అయిపోతుంది. పరీక్షకి పంపినవాళ్ళలో ఎవరు వెళ్ళలేదు, ఎవరు మందులు మానేశారు అన్నది ఏళ్ళతరబడి గుర్తుపెట్టుకోవాలి చూడండీ, అక్కడ కావాలి. టేపు సరిగ్గా పట్టకపోతే ఏ యాపూ ఏమీ చెయ్యలేదు.

వాళ్ళు వచ్చే వేళకి మనం ఆఫీసులో ఉంటాం. కాబట్టి మన టేపు మనమే తీసుకోవాలి. నేనైతే రేపు పరగడుపున ల్యాబుకి పోతున్నా. మీ స్కోరెంత?