ఎముకలో పుట్టు నెత్తురు

మన యిండ్లలో ఎముక యన్న మాటయే అశుచి. శ్మశానమునకు పోయి వచ్చినవాడు స్నానము చేసిగాని గడప దాటరాదు. నెత్తురు మాట యట్లు గాదు. రక్తసంబంధ మందుము, రక్తము పంచుకొని పుట్టితి మందుము. ఒకదానిని వాకిట నిలిపి, వేఱొకదానిని తల కెత్తుకొంటిమి. కాని ఆ నెత్తురు పుట్టు చోటు ఆ యెముకయే యని మనుష్యునకు తెలిసి నూటయేబది యేండ్లకంటె కొంచె మెక్కువ కాలమైనది. అంతకు ముందు వేలకొలది యేండ్లు ఈ విషయ మెట్లు మఱుగుపడియుండెనో, ఎవ రెట్లు కనుగొనిరో, ఆ తెలివివలన మన గృహములకు కలిగిన మేలేమో చెప్పుట యీ వ్యాసోద్దేశము.

కొన్ని యేండ్ల క్రిందట నేను తరగతిలో ఒక కోడియెముకను వినిగరులో కొన్నిదినములు నానబెట్టి పిల్లలకు చూపితిని. అది తీగవలె వంగినది. మఱియొక యెముకను నిప్పులో కాల్చితిని. దాని యాకారము చెడలేదు గాని, వ్రేళ్లతో నలిపినంతనే పొడియైనది. పుల్లని ద్రవము ఎముకలోని సున్నపు భాగమును హరించినది. నిప్పు అందలి నారవంటి మాంసకృత్తును దహించినది. బరువులో ఇంచుమించు మూడింట రెండుపాళ్లు ఖనిజము, మిగిలినది ముఖ్యముగా కొల్లాజెన్ అను నారపదార్థము. ఒకటి గట్టిదనము నిచ్చును, రెండవది విఱుగకుండ కాచును. పిల్లలకు విషయము క్షణములో బోధపడినది.

మఱునాడొక బాలుని తండ్రి వచ్చి, "పంతులుగారూ, మా పిల్లవానిచేత ఎముకలు ముట్టించితిరట! చదువు చెప్పుటకు మీకు వేఱు దారి దొరకలేదా?" అని కోపించెను. ఆయన శాస్త్రములయందు భక్తి గలవాడు. కావున నేను పాశ్చాత్యుల పేరెత్తక సుశ్రుతుని శారీరస్థానములోని యైదవ యధ్యాయము చదివి యర్థము చెప్పితిని.

ఆ యధ్యాయములో సుశ్రుతుడు చెప్పిన దిది. శల్యవైద్యుడు కాగోరువాడు శవమును శోధించి చూడవలెను. ఆ శవము అన్ని యవయవములు గలదిగా, విషముచేతగాని దీర్ఘవ్యాధిచేతగాని చావనిదిగా ఉండవలెను. దానిని దర్భ, ముంజ, నార మొదలగువానితో చుట్టి, పంజరములో పెట్టి, పాఱునీటిలో మఱుగైన తావున ఏడురాత్రు లుంచవలెను. పిదప వట్టివేళ్లతోను వెదురుతోను చేసిన కుంచెలతో మెల్లమెల్లగా రుద్దుచు, చర్మము మొదలుకొని లోపలి భాగములన్నియు కన్నులార చూడవలెను. శాస్త్రమున చదివినదియు, కంట చూచినదియు రెండును కలిసిననే జ్ఞానము వృద్ధి యగునని యాయన తీర్పు. ఆ తండ్రి విని కొంతసే పూరకుండి, "సుశ్రుతు డింత చెప్పెనా?" అని వెడలిపోయెను.

చూచినవాడగుటచేతనే సుశ్రుతుడు లెక్కలో సయితము పెద్దల మాటను కన్నులు మూసికొని యొప్పుకొనలేదు. వేదవాదు లెముకలు 360 అందురనియు, శల్యతంత్రమున 300 మాత్రమే యనియు స్పష్టముగా వ్రాసెను. నేటి శాస్త్రము ప్రౌఢుని శరీరమున 206 ఎముకలని చెప్పుచున్నది. ఈ భేదమును చూచి నవ్వరాదు. సుశ్రుతుడు దంతములను, మెత్తని తరుణాస్థులను గూడ ఎముకలలో చేర్చెను. హోర్న్‌లీ యను పండితుడు 1907లో ప్రాచీనభారత వైద్యుల యస్థిశాస్త్రమును గూర్చి ఒక గ్రంథమే ప్రకటించి, ఆ లెక్కలను నేటి లెక్కలతో పోల్చి చూపెను.

అట్టి చూపు మనకు తరువాత కొఱవడెను. శ్లోకములు కంఠస్థము లయ్యెను, కుంచె మూలబడెను. రసమునుండి రక్తము, రక్తమునుండి మాంసము, ఆ క్రమముననే మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము పుట్టునని ధాతుక్రమము. రక్తమునకు స్థానములు కాలేయము, ప్లీహము. ఈ క్రమములో నెత్తురు ముందు, ఎముకయు అందలి మూలుగయు వెనుక. ఇది సరియా కాదా యని శరీరమును తెఱచి చూచువారు లేకపోయిరి. 1836లో కలకత్తా వైద్యకళాశాలలో మధుసూదన గుప్త మానవశవమును కోసి పరిశీలించినపుడు దేశమున గొప్ప సంచలనము కలిగెను. ఆయన పరదేశవిద్యల మోజున స్వదేశశాస్త్రమును విడిచినవాడు గాడు. సుశ్రుతసంహితను అచ్చునకు పరిష్కరించిన వైద్యుడు. తా నచ్చొత్తించిన గ్రంథము చెప్పిన పనినే చేసినవాడు.

మనమే యిట్లుంటి మనుకొనరాదు. ఐరోపావారును గాలెను చెప్పిన మాటనే పదునాలుగు శతాబ్దములు వల్లించిరి. అన్నము కాలేయములో నెత్తురుగా మాఱునని యాతని మతము. 1628లో విలియం హార్వే గుండెవలన నెత్తురు శరీరమున చుట్టివచ్చునని నిరూపించెను గాని, ఆ నెత్తురెక్కడ పుట్టునో తేలలేదు. 1658లో స్వామర్‌డాము కప్పనెత్తురులో ఎఱ్ఱని కణములను చూచెను. డెల్ఫ్టు పట్టణపు బట్టలవర్తకుడు లీవెన్‌హుక్ తానే నూఱుకొన్న కటకములతో 1674లో మానవరక్తమందలి కణములను వర్ణించెను. 1691లో క్లాప్టన్ హేవర్సు ఎముక లోపల సన్నని కాలువలు కలవని తెలిపెను. వానిలో రక్తనాళములు పోవుచుండును. ఎముక చచ్చిన రాయి గాదని యప్పుడే తెలియవలసినది.

తుద కా ముడి విప్పినవాడు కోనిగ్స్‌బెర్గు నగరమున శవపరీక్షలు చేయు ఎర్నెస్టు నాయిమన్. ఆయన యెముకలను బిగింపుపట్టులో పెట్టి నొక్కి, అందలి మూలుగరసమును సూక్ష్మదర్శినితో చూచెను. గర్భస్థశిశువుల నెత్తురులో కనబడు కేంద్రకము గల ఎఱ్ఱకణములు ఆ రసములో కనబడెను. పెద్దవారి రక్తములో తిరుగు ఎఱ్ఱకణములకు కేంద్రక ముండదు. కావున నివి పుట్టుచున్న కణములనియు, ఆజన్మాంతము ఎముక మూలుగలోనే నెత్తురు పుట్టుచుండుననియు 1868లో ప్రకటించెను. అదే సంవత్సరమున ఇటలీలో ఇరువదిరెండేండ్ల బిజ్జొజెరో స్వతంత్రముగా నీ విషయమునే కనుగొనెను. సమకాలికులలో ననేకులు నమ్మలేదు. కాలమే వారికి సాక్ష్య మిచ్చినది.

నేడు తెలిసినంతలో మూలుగ యొక మహాకార్యశాల. శిశువు నెముకలన్నిట ఎఱ్ఱమూలుగ యుండును. పెద్దవారికి రొమ్మెముక, ప్రక్కటెముకలు, వెన్నుపూసలు, కటి మొదలగు చోట్ల మిగులును. ఒకేజాతి మూలకణమునుండి మూడు తెగలు పుట్టును. ఎఱ్ఱకణములు ఇనుము గల హీమోగ్లోబినుతో ప్రాణవాయువును మోయును. తెల్లకణములు రోగక్రిములతో పోరాడును. సూక్ష్మఫలకములు గాయమున నెత్తురు గడ్డకట్టించును. ఎఱ్ఱకణ మొక్కటి ఇంచుమించు 120 దినములు బ్రదుకును. ఆ లోటు తీర్చుటకు మూలుగ క్షణమునకు ఇరువదిలక్షలకు పైగా క్రొత్తవానిని పంపుచున్నది. ఎముకయు నూరక నిలుచుండుట లేదు. ఒకజాతి కణములు దానిని తినివేయుచుండ, వేఱొకజాతి కణములు తిరిగి కట్టుచుండును. శరీరమందలి సున్నపుధాతువులో నూటికి 99 పాళ్లు దానిలోనే నిలువయున్నవి.

మఱి కాలేయప్లీహములు రక్తస్థానము లన్న పూర్వుల మాట యేమైనది? గర్భస్థశిశువునకు కొన్ని మాసములు కాలేయమే ముఖ్యముగా నెత్తురు తయారు చేయును. పెద్దవారిలో ముదిసిన కణములు ప్లీహకాలేయములలో నశించి, అందలి యినుము మరల మూలుగకు చేరును. పూర్వులకు సూక్ష్మదర్శిని లేదు. లేనివారిని నిందింపరాదు, ఉన్న మనము చూడకుండుటయే నింద్యము.

ఈ కథలో మన దేశమునకును, మన తెలుగువారికిని భాగము కలదు. 1928 మొదలుకొని లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశోధించెను. బీదస్త్రీల భోజనమందలి లోపమే యా వ్యాధికి మూలమనియు, ఈస్టుసారమువలన నది కుదురుననియు ఆమె తేల్చెను. ఆ సారములోని గుణము పిదప ఫోలికామ్లముగా తెలియవచ్చినది. అది లేనిచో మూలుగలో కణములు సరిగా పండవు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడపిన పరిశోధకబృందము 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసెను. దానికి విరోధియగు అమినోప్టెరిను గూడ వారి బృందముననే పుట్టినది. దానితో 1948లో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తపుకాన్సరు సోకిన పిల్లలలో కొందఱికి తాత్కాలికోపశమనము కలిగినట్లు ప్రకటించెను. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు స్వర్గస్థులైరి.

ఇంత తెలిసినను మన యింటిసంగతి యేమి? 2019–21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో 15 మొదలు 49 ఏండ్ల భారతస్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలినది. చరకుడు పాండురోగమునకు ఇనుపచూర్ణము గల మందు చెప్పెను. విల్స్ భోజనపు లోపమును చూపెను. సుబ్బారావుగారి బృందము గుణమును సీసాలో పోసి యిచ్చెను. ఐనను వడ్డించిన చేయి తుదకు గిన్నె యడుగు గీచుకొని తినుచునే యున్నది. పిల్ల తెల్లబాఱినచో నాజూకందుము, ఆయాసపడినచో సోమరితన మందుము.

కావున గృహస్థులారా, మీ యింటి స్త్రీల కనుఱెప్ప క్రిందికి లాగి లోపలి రంగు ఒకసారి చూడుడు. ఎఱుపు తగ్గియున్నచో వైద్యునిచేత నెత్తురు పరీక్ష చేయింపుడు. ఆకుకూరలు, పప్పులు, తినువారికి మాంసము వారి విస్తరిలోను పడునట్లు చూడుడు. గర్భిణి కిచ్చిన ఇనుము, ఫోలికామ్లపు బిళ్లలు చూరులో దోపి మఱవకుడు. కన్నులార చూడవలెనని సుశ్రుతుడు చెప్పినది శవమును గూర్చి. మన కాపాటి శ్రమ లేదు. ఎదుట నిలిచి అన్నము పెట్టు ప్రాణినే చూచిన చాలును.