శరత్కాలపు హిమాలయం: తుపాను కొండెక్కినప్పుడు

హుద్‌హుద్ అనగానే మనకు విశాఖపట్నం గుర్తొస్తుంది. 2014 అక్టోబర్ 12న ఆ తుపాను నగరం మీదుగానే తీరం దాటింది. కూలిన చెట్లు, దెబ్బతిన్న విమానాశ్రయం, కరెంటు లేని రాత్రులు: తెలుగువారి జ్ఞాపకంలో దాని కథ ఇంతవరకే. అయితే తీరం దాటి బలహీనపడిన ఆ తుపాను తనలోని తేమను మోసుకుంటూ ఉత్తరానికి ప్రయాణించింది. అక్టోబర్ 14న ఆ తేమే నేపాల్‌లోని అన్నపూర్ణ పర్వతాల మీద మంచుగా కురిసింది. 5,416 మీటర్ల ఎత్తున ఉన్న థొరాంగ్ లా కనుమ, దాని పరిసరాల్లో కనీసం 43 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో విదేశీ యాత్రికులున్నారు, వారికి దారి చూపే గైడ్లున్నారు, మూటలు మోసే కూలీలున్నారు.

అక్టోబర్ మధ్యలో అంతమంది ఆ కనుమ మీద ఎందుకున్నారని మీకు సందేహం రావచ్చు. హిమాలయాల్లో నడవడానికి అంతకు మించిన కాలం లేదని అందరి నమ్మకం. ఆ నమ్మకం నూటికి తొంభై పాళ్లు నిజమే. సెప్టెంబర్ చివరికి నైరుతి ఋతుపవనాలు వెనుదిరగడం మొదలవుతుంది. వానలు కడిగిన ఆకాశం తేటపడుతుంది. లోయల్లో వరి పండుతుంది. పండుగలూ అప్పుడే, కోతలూ అప్పుడే, యాత్రలూ అప్పుడే. చిక్కంతా మిగిలిన ఆ పది పాళ్లలోనే ఉంది.

ఈ కాలం స్వభావాన్ని పర్వతారోహకులు ముందుగా గాలి రూపంలో తెలుసుకున్నారు. 1952 వసంతంలో ఎవరెస్టు శిఖరానికి చేరువగా వెళ్లి వెనుదిరిగిన స్విట్జర్లాండ్ వారు అదే ఏడాది శరత్తులో మళ్లీ వచ్చారు. టెన్సింగ్, రేమండ్ లాంబెర్ నవంబర్‌లో సుమారు 8,100 మీటర్ల వరకు ఎక్కగలిగారు. ఆపైన చలి, ఈదురుగాలి వారిని అడుగు వేయనివ్వలేదు. మరుసటి ఏడాది మే నెలలో, హిల్లరీ, టెన్సింగ్ శిఖరం చేరిన యాత్రకు, మన వాతావరణ శాఖ అంచనాలను ఆకాశవాణి ప్రత్యేకంగా ప్రసారం చేసింది. శరత్తులో ఎవరెస్టు లొంగింది మాత్రం 1973 అక్టోబర్ 26న, ఇద్దరు జపాన్ ఆరోహకులకు.

వారిని అడ్డుకున్న గాలికి కారణం ఆకాశంలోనే ఉంది. వానాకాలంలో మన నెత్తిమీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక వేగవంతమైన గాలి ప్రవహిస్తుంది. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని 1950 దశకంలో గుర్తించి వివరించిన శాస్త్రవేత్త తెలుగువాడే: పి. కోటేశ్వరం. తరువాతి కాలంలో ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. అక్టోబర్ నాటికి ఆ ప్రవాహం మాయమవుతుంది. వేసవిలో టిబెట్‌కు ఉత్తరంగా తొలగిపోయిన పశ్చిమ జెట్ ప్రవాహం మళ్లీ హిమాలయాల దక్షిణ అంచు మీదికి దిగుతుంది. దానితోపాటే పడమటి నుంచి అల్పపీడన ద్రోణులు ఒకటొకటిగా కదిలి వస్తుంటాయి.

సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో తుపానుల కాలం కూడా. సముద్రం వెచ్చగానే ఉంటుంది. ఆంధ్ర, ఒడిశా తీరాలు దాటిన తుపాను మామూలుగా భూమి మీద నీరసించి పోతుంది. కానీ ఆ సమయానికి పడమటి ద్రోణి ఒకటి ఉత్తర భారతం మీదికి వచ్చిందనుకోండి, దాని ముందు భాగంలోని గాలులు ఆ తేమను పట్టి ఉత్తరానికి లాగుతాయి. ఎదురుగా హిమాలయం గోడలా నిలిచి ఉంటుంది. తేమగాలి పైకెక్కక తప్పదు, ఎక్కితే చల్లబడక తప్పదు. ఫలితం లోయల్లో కుండపోత, కనుమల మీద హిమపాతం.

ఇది 2014లోనే పుట్టిన వింత కాదు. 1995 నవంబర్‌లోనూ ఒక తుపాను ఆంధ్ర-ఒడిశా సరిహద్దు దగ్గర తీరం దాటింది. ఆ వెంటనే నేపాల్‌లో అకాల హిమపాతం. ఎవరెస్టు ప్రాంతంలోని గోక్యో లోయలో, పంగా అనే చోట, రాత్రి బసపై మంచుచరియ విరుచుకుపడింది. చనిపోయినవారిలో 13 మంది జపాన్ యాత్రికులు, వారితో వచ్చిన నేపాలీలు ఉన్నారు. పందొమ్మిదేళ్ల తేడాతో అదే రకం సంఘటన జరిగిందంటే, మధ్యలో ఆ పాఠం లోయలకు చేరలేదనే చెప్పాలి. హుద్‌హుద్‌కు అక్టోబర్ 8నే పేరు పెట్టారు. అది ఎక్కడ తీరం దాటుతుందో ముందుగా చెప్పగలిగారు. విశాఖలో ఆ హెచ్చరిక ఎందరినో కాపాడింది. థొరాంగ్ లా కింది బసల్లో నిద్రపోతున్న చాలామందికి మాత్రం ఆ కబురు అందలేదు. తెల్లవారుజామున ఎప్పటిలాగే నడక మొదలుపెట్టారు.

2021 అక్టోబర్ దీనికి మరో ఉదాహరణ. మధ్య భారతం మీది అల్పపీడనం, పడమటి ద్రోణి కలిసి కుమావూఁ కొండల మీద విరుచుకుపడ్డాయి. 19వ తేదీ ఉదయానికి ముక్తేశ్వర్‌లో 24 గంటల్లో 340.8 మిల్లీమీటర్లు కురిసింది. అక్కడ 1897 నుంచి వాన కొలుస్తున్నారు. అంతకుముందరి రికార్డు 1914 నాటి 254.5 మిల్లీమీటర్లు. ఈసారి ముందస్తు హెచ్చరిక చూసి చార్‌ధామ్ యాత్రను ఆపించారు. కానీ హర్సిల్ నుంచి లంఖాగా కనుమ మీదుగా చిత్‌కుల్‌కు అప్పటికే బయలుదేరిన ట్రెక్కర్లలో పలువురు తిరిగి రాలేదు. నేపాల్ పడమటి జిల్లాల్లో కోతకొచ్చిన వరి, కోసి పరచిన వరి నీటిపాలైంది. కొండదారి యాత్రికుడు ఒకరోజు ఆగితే నడక ఆలస్యమవుతుంది, అంతే. కోసిన పంటకు ఆ వెసులుబాటు లేదు. రైతుకు రెండు రోజుల ముందే తెలియాలి.

థొరాంగ్ లాకు పడమటి వైపు దిగితే వచ్చేది ముక్తినాథ్. 108 దివ్యదేశాల్లో ఒకటి కనుక మన వైపు నుంచీ భక్తులు వెళుతుంటారు. మీరు గాని, మీవారు గాని అక్టోబర్, నవంబర్‌లలో ఆ కొండలకు వెళుతుంటే కాఠ్మండూ వాతావరణ నివేదిక ఒక్కటే చూసి ఊరుకోకండి. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందా, ఉంటే మన తీరంవైపు వస్తోందా అన్నది చూడండి. ఉత్తర భారతం మీదికి పడమటి ద్రోణి వస్తోందా అన్నది కూడా. రెండింటికీ జవాబు అవును అయితే, తుపాను తీరం దాటిన తర్వాత రెండు మూడు రోజులు కనుమకు దిగువన ఉన్న ఊళ్లోనే ఉండిపోండి, పైన ఆకాశం ఎంత నీలంగా కనిపించినా సరే.