రంగు మందు ఎన్ని ఫ్రేముల్లో చేరింది?

రాంబిల్లిలో గుండెపోటు వచ్చిన మనిషిని అచ్యుతాపురం, గాజువాక దాటించి విశాఖ చేర్చేసరికి విలువైన సమయం చాలా గడిచిపోతుంది. అందుకే దగ్గరి ఆసుపత్రిలోనే నాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి పంపడం మంచిది. ఖరీదైన టెనెక్టెప్లేస్‌ను మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉచితంగా ఇస్తుండటం నిజంగా పెద్ద మేలు. విశాఖ చేరాక క్యాథ్ ల్యాబ్‌లో తేలాల్సినవి రెండు: నాళం తెరుచుకుందా? తెరుచుకుంటే రక్తం ఎంత వేగంగా పారుతోంది? ఎక్స్‌రే మొదటిదాన్ని త్వరగానే చూపించింది. రెండోదాన్ని సులువుగా అంకెల్లో చెప్పడానికి నూరేళ్లు పట్టింది.

రాంట్‌జెన్ 1895 నవంబరులో ఎక్స్‌రేలు కనిపెట్టాడు. 1896 జనవరిలోనే వియన్నాలో హాషెక్, లిండెంథాల్ అనే ఇద్దరు, దేహం నుంచి వేరైన ఒక చేతి నాళాల్లోకి సున్నం, ఇంగిలీకం కలిపిన ముద్ద ఎక్కించి 57 నిమిషాల పాటు ఎక్స్‌రే పట్టారు. నాళాలు కొమ్మా రెమ్మాతో సహా కనిపించాయి. అయితే ఆ చేతిలో పారడానికి రక్తం లేదు. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ బతికున్న మనిషి మెదడు నాళాలను చూపించాడు.

గుండె నాళాల సంగతి 1958 అక్టోబరు 30న అనుకోకుండా తేలింది. క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ బృహద్ధమనిలోకి, ఎక్స్‌రేలో కనిపించే రంగు మందు ఎక్కిస్తుంటే గొట్టం కొస జారి కుడి కరోనరీ నాళంలో దూరింది. మందంతా అందులోకే పోయింది. రోగి గుండె కొన్ని క్షణాలు ఆగింది. గట్టిగా దగ్గమన్నారు, మళ్లీ కొట్టుకుంది. యాంజియోగ్రామ్‌కు దారి తెరుచుకున్న క్షణమది. సోన్స్ ఈ పరీక్షలను సినిమా ఫిల్ము మీదే తీసేవాడు. అంటే రక్తం వేగం అప్పటి నుంచే ఆ రీళ్లలో ఉంది.

దాన్ని బయటికి లాగడానికి 1960లలో మేయో క్లినిక్‌లో ఎర్ల్ వుడ్ బృందం బొమ్మ చీకటి వెలుగులను విద్యుత్ సంకేతాలుగా మార్చి కొలిచింది. ఏటి ఒడ్డున ఆకు వదిలి, అది కింది రేవు చేరడానికి ఎంతసేపు పట్టిందో చూస్తే శారదా నది వేగం తెలిసినట్టే, రంగు మందు నాళంలో ఒకచోటి నుంచి మరోచోటికి చేరే సమయాన్ని బట్టి వేగం తెలుస్తుంది. నాళం వెడల్పు కూడా తెలిస్తే ఎంత రక్తం పోతోందో కట్టొచ్చు. పద్ధతి సరైనదే, కానీ పరికరాలు మామూలు ఆసుపత్రులకు అందలేదు.

గడ్డ కరిగించే మందులను పరీక్షించిన టిమి అధ్యయనం 1985లో ప్రవాహాన్ని సున్నా నుంచి మూడు దాకా గ్రేడులు చేసింది. వాడుక తేలికే. కానీ ఒకరి కంటికి రెండైనది ఇంకొకరికి మూడయ్యేది.

1996లో డాక్టర్ మైఖేల్ గిబ్సన్ యాంజియోగ్రామ్ ఫిల్ములోని ఫ్రేములు లెక్కపెట్టమన్నాడు. నాళం మొదట్లో రంగు మందు రెండు అంచులనూ తాకి ముందుకు కదిలిన ఫ్రేము మొదటిది. గుండె ముందు వైపు దిగే ఎల్‌ఏడీ నాళం కొస రెండుగా చీలే చోటును డాక్టర్లు ‘మీసం’ అంటారు. మందు అక్కడికి చేరిన ఫ్రేము చివరిది. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున తీస్తే ఆరోగ్యంగా ఉన్న ఎల్‌ఏడీలో సుమారు 36 వస్తాయి. అది మిగతా నాళాల కంటే పొడవు కాబట్టి 1.7తో భాగిస్తే 21. సరిచేసిన ఈ లెక్క 27 దాటితే ప్రవాహం మందగించినట్టే. ఇప్పుడు చాలాచోట్ల సెకనుకు 15 ఫ్రేములే తీస్తున్నారు కాబట్టి వచ్చిన సంఖ్యను రెట్టింపు చేయాలి. అదనపు యంత్రం అక్కర్లేదు, రోగికి పైసా ఖర్చు లేదు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

రెండేళ్లకు, 1998లో, హైదరాబాద్‌లో అబ్దుల్ కలాం, డాక్టర్ బి. సోమరాజు కలిసి తక్కువ ధర స్టెంటును తెచ్చారు. స్టెంటు వేసి నాళం తెరిచినంత మాత్రాన పని అయిపోదు. అడుగున సన్నని నాళాలు మూసుకుపోయి ఉంటే పైన దారి నున్నగా కనిపించినా కండకు రక్తం అందదు. అప్పుడూ ఫ్రేముల సంఖ్య పెరిగి ఆ లోపాన్ని చెబుతుంది.

ఇవాళ కంప్యూటరు యాంజియోగ్రామ్ నుంచే నాళాన్ని మూడు కొలతల్లో కట్టి, ఈ ఫ్రేముల లెక్కతోనే వేగం రాబట్టి, బ్లాకు ఎంత అడ్డమో అంచనా కడుతోంది. క్యూఎఫ్ఆర్ అనే ఈ పద్ధతి 2021లో చైనాలో 3,825 మంది మీద జరిగిన పరీక్షలో, కంటితో చూసి నిర్ణయించడం కంటే మెరుగని తేలింది. 2024లో ఐరోపా పరీక్షలో మాత్రం నాళంలోకి ప్రెజర్ వైరు పంపి కొలిచే పద్ధతికి సాటి రాలేకపోయింది. కాబట్టి వైరును ఇప్పుడే పక్కన పెట్టడం తొందరపాటు.